ఓడిన జట్టు ఇంటికి

మీ ఊళ్లో సంక్రాంతికి కబడ్డీ పోటీలు జరుగుతాయా? జరిగితే ఈ పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జట్లు వస్తాయి. చీట్లు తీసి ఎవరు ఎవరితో ఆడాలో తేలుస్తారు. గెలిచిన జట్టు ఆ రాత్రి అక్కడే ఉండి భోంచేసి మర్నాడు మళ్లీ ఆడుతుంది. ఓడిన జట్టు సాయంత్రం బస్సెక్కి ఇంటికి పోతుంది. దీనినే నాకౌట్ పోటీ అంటారు. ఆడేవాళ్లూ చూసేవాళ్లూ అందరూ ఆ మాటే వాడుతున్నారు కాబట్టి ఈ వ్యాసంలో నేనూ అదే వాడతాను.

పోటీలు జరిపే పద్ధతి ఇంకొకటి ఉంది. దాని పేరు లీగ్. అందులో ప్రతి జట్టూ మిగిలిన అన్ని జట్లతోనూ ఆడుతుంది. గెలిచినదానికి ఇన్ని పాయింట్లు, సమానమైనదానికి ఇన్ని అని లెక్కకడతారు. ఒక ఆదివారం ఓడితే వచ్చే ఆదివారం పూడ్చుకోవచ్చు. ఏడాది పొడుగునా సాగుతుంది గనక అందులో చివరికి పైకి తేలేది సాధారణంగా డబ్బూ బలగమూ ఉన్న జట్టే. నాకౌట్‌లో ఏడాదంతా బలంగా ఉండనక్కర లేదు. ఆ ఒక్క రోజు, ఆ గంటన్నర సేపు ఎదుటివాడి కంటె ఒక్క గోలు ఎక్కువ కొడితే చాలు.

ఇక్కడ మీకొక చిన్న లెక్క. ఒక నాకౌట్ పోటీలో 64 జట్లు ఉన్నాయనుకోండి. విజేత తేలే సరికి మొత్తం ఎన్ని ఆటలు జరగాలి? ముందుకు చదవకుండా ఒక్క నిమిషం ఆలోచించండి. మొదట 32 ఆటలు, తరవాత 16, ఆ పైన 8, 4, 2, చివరికి 1. కూడితే 63. కూడికే అక్కర లేని దారి కూడా ఉంది. ప్రతి ఆటా ఒక జట్టును ఇంటికి పంపుతుంది. ఒక్క జట్టే మిగలాలంటే 63 జట్లు ఇంటికి పోవాలి. కనుక 63 ఆటలు. ఈ రెండో దారి నాకు ఎందుకు ఇష్టమంటే, గెలిచినవాడిని కాక ఓడినవాళ్లను లెక్కపెట్టమంటుంది అది.

ఇక నా సంగతి కొంచెం చెప్పాలి. మాది యానాం. గోదావరి పాయ ఒడ్డున, చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉన్న చిన్న ఊరు. ఊరు చూస్తే అచ్చంగా గోదావరి జిల్లాయే. పాలన మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్న పుదుచ్చేరి నుంచి. రెండూ ఒకప్పుడు ఫ్రెంచి వాళ్ల చేతిలో ఉండటమే దానికి కారణం. ఉద్యోగం కోసం నేను పుదుచ్చేరి పట్నం వచ్చి ముప్పయి ఏళ్లు దాటింది. తెలుగు ఈ పట్నానికి కొత్తది కాదు. పద్ధెనిమిదో శతాబ్దంలో ఇక్కడి దుబాసీ ఆనందరంగ పిళ్లైకి కస్తూరి రంగకవి తెలుగులో ఛందోగ్రంథం రాసి అంకితమిచ్చాడు. అయినా వీధిలో వినపడేది తమిళం. పాత కాలువకు తూర్పున, సముద్రం వైపు నడిస్తే నీలం రేకుల మీద వీధుల పేర్లు ఫ్రెంచిలో కూడా కనపడతాయి. ద్యూమా వీధి, సుఫ్రెన్ వీధి, రొమె రొలా వీధి. పోలీసుల నెత్తిన ఎర్ర టోపీ.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉండేవాడు. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పింఛను తీసుకుంటున్నవాడు. ఇలాంటి వాళ్లను ఈ ఊళ్లో 'సొల్దా' అంటారు. సోల్జరు అన్న మాటకు ఫ్రెంచి రూపం అది. 1954 నవంబరు 1న పాలన భారతదేశానికి వచ్చింది. చట్టప్రకారం అప్పగింత 1962 ఆగస్టు 16న పూర్తయింది. అప్పుడు ఇక్కడి వాళ్లు ఆరు నెలల లోపు కోరుకుంటే ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోవచ్చునన్నారు. ఉంచుకున్న కుటుంబాలలో ఈయనదీ ఒకటి. కొడుకు పారిస్ శివార్లలో స్థిరపడ్డాడు. ఫ్రాన్సులో జరిగే ఫుట్‌బాల్ కప్పు పోటీ సంగతులు నేను విన్నది మొదట ఈయన నోటనే.

ఆ పోటీ పేరు కూప్ ద ఫ్రాన్స్, అంటే ఫ్రాన్సు కప్పు. మొదటి ప్రపంచయుద్ధం జరుగుతుండగానే 1917లో మొదలుపెట్టారు. యుద్ధంలో 1915లో చనిపోయిన షార్ల్ సీమోఁ అనే క్రీడా నిర్వాహకుడి జ్ఞాపకార్థం అది. మొదటి ఏడు 48 జట్లు చేరాయి. ఇటీవలి సంవత్సరాలలో చేరుతున్న జట్లు ఏడు వేలకు పైన. ఏడు వేలు! మన లెక్క ప్రకారం ఎన్ని ఓటములో చూడండి. పల్లెటూరి జట్టు కూడా పేరు ఇవ్వవచ్చు. ఎండాకాలం చివర చిన్న జట్లు తమలో తాము ఆడటం మొదలుపెడతాయి. ఒక్కొక్క మెట్టు దాటుతున్న కొద్దీ పెద్ద జట్లు వచ్చి కలుస్తాయి. అన్నిటికంటె పెద్దవి, లీగ్ మొదటి డివిజన్ జట్లు, 64 జట్లు మిగిలినప్పుడు గాని రావు. ఒక మంచి నియమం ఉంది. చీటీలలో పెద్ద జట్టుకూ, దానికంటె రెండు డివిజన్లు కింద ఉన్న జట్టుకూ జోడీ పడితే ఆట చిన్నదాని మైదానంలో జరగాలి. కోట్ల జీతాల ఆటగాళ్లు ఒక చిన్న ఊళ్లో, చలికాలపు బురదలో, ఊరివాళ్ల అరుపుల మధ్య ఆడవలసి వస్తుంది. పోటీ మొత్తంలో నాకు నచ్చిన నియమం ఇదే.

సముద్రాల అవతల ఉన్న ఫ్రెంచి దీవుల జట్లకు కూడా 1961 నుంచి ఈ పోటీలో చోటు దొరికింది. పుదుచ్చేరి అప్పటికే మన పాలనలోకి వచ్చింది కనుక ఇక్కడి జట్టు అందులో ఆడే ప్రశ్నే రాలేదు. మా సొల్దా తాతకు అదొక వెలితి. రీయూనియన్ దీవి జట్టు ఒకటి 2020 జనవరిలో విమానమెక్కి వెళ్లి, నియోర్ అనే రెండో డివిజన్ జట్టును దాని సొంత మైదానంలోనే ఓడించి వచ్చింది. ఆ వార్త వినడానికి ఆయన లేడు.

ఇదంతా ఎక్కడో పరదేశపు సంగతి అనుకోకండి. మన దేశంలో డ్యూరాండ్ కప్పు 1888లో సిమ్లాలో మొదలైంది. బొంబాయిలో రోవర్స్ కప్పు 1891లో మొదలైంది. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు ఆ రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదు సార్లు గెలిచింది. 1950లో డ్యూరాండ్ కూడా వాళ్లదే. ఆ జట్టుకు శిక్షణ ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం అంతకు ముందు బడిపంతులు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడలలో బంగారు పతకం తెచ్చింది. నాకౌట్ పోటీలో అయిదేళ్లు వరుసగా గెలవడమంటే అయిదేళ్లపాటు ఒక్క చెడ్డ సాయంత్రం కూడా రానివ్వకపోవడం. రోవర్స్ కప్పు ఇప్పుడు జరగడం లేదు. హైదరాబాదులో కూడా ఆ రోజులను తలచుకునేవాళ్లు తగ్గిపోయారు.

మళ్లీ ఫ్రాన్సుకు వద్దాం. నేను చెప్పదలచుకున్నది 2005లో మొదలై 2006లో ముగిసిన పోటీ గురించి. దానికి ముందు ఆరేళ్లు వెనక్కు పోవాలి.

ఫ్రాన్సు ఉత్తరపు కొసన, ఇంగ్లండుకు ఎదురుగా, కాలే అనే రేవు పట్నం ఉంది. తెలుగులో ఆ పేరు పలికితే ఏదో కాలుతున్నట్టు ఉంటుంది గాని వాళ్లది చలి ఊరు. అక్కడి జట్టు అప్పట్లో నాలుగో డివిజన్‌లో ఆడేది. ఆటగాళ్లు పగలు వేరే వేరే పనులు చేసుకుని సాయంత్రం సాధనకు వచ్చేవాళ్లు. ఈ వాక్యం దగ్గర మీరు ఒక్క క్షణం ఆగి ఉంటారని నా ఊహ. పగలు పని చేసుకుని, సాయంత్రం ఈ పుస్తకం తెరిచేవాళ్లు మీలో చాలామంది. నేనూ అలాగే చదివాను. నాన్న మంచాన పడితే బడి మానేసి కొట్లో లెక్కలు రాశాను. రాత్రిపూట చదివి తరవాత పరీక్ష కట్టాను. మా కాలంలో పది తప్పితే చదువుకు అదే ఆఖరు అన్నట్టు చూసేవాళ్లు. అచ్చం నాకౌట్ పద్ధతి. మీ సార్వత్రిక చదువు అలాంటిది కాదు. ఒక్కో సబ్జెక్టూ విడిగా రాసుకోవచ్చు, తప్పితే మళ్లీ రాయవచ్చు. దీనిని మీరు లీగ్ అనుకోండి. అది మంచిదేనని నా అభిప్రాయం. నాకౌట్ చూడటానికి బాగుంటుంది గాని బతకడానికి కాదు.

1999-2000 పోటీలో ఈ కాలే జట్టు 64 మందిలోకి వచ్చింది. అప్పుడు ఏమయిందో వరుసగా చూడండి. రెండో డివిజన్‌లోని లీల్ జట్టుతో సమానమై, పెనాల్టీ తన్నులతో గెలిచింది. లాంగోఁ జట్టును సులువుగానే ఓడించింది. కాన్ జట్టును మళ్లీ పెనాల్టీలతో దాటింది. క్వార్టర్ ఫైనల్లో మొదటి డివిజన్ జట్టు స్ట్రాస్‌బూర్గ్‌ను 2-1తో ఓడించింది. సెమీ ఫైనల్లో ఎదురైంది బోర్దో. అంతకు ముందు ఏడాది దేశపు లీగ్ విజేత. అదనపు సమయం దాకా పోయి కాలే 3-1తో గెలిచింది. దేశమంతా అవాక్కయింది.

ఫైనల్ 2000 మే 7న, పారిస్ పక్కన ఉన్న స్టాద్ ద ఫ్రాన్స్‌లో. అందులో దాదాపు 80 వేల మంది పడతారు. కాలే ఊరి జనాభా అప్పట్లో సుమారు 77 వేలు. అంటే ఊరు ఊరంతా తాళాలు వేసుకుని వచ్చి కూర్చున్నా ఇంకా సీట్లు మిగులుతాయి. ఎదుటి జట్టు నాంట్. 34వ నిమిషంలో కాలే ఆటగాడు జెరోమ్ ద్యుతీత్ర్ గోలు కొట్టాడు. విరామం దాకా కాలేదే పైచేయి. విరామం తరవాత నాంట్ ఆటగాడు సిబియెర్స్కీ గోలు సమం చేశాడు. ఆట ఇక ముగుస్తుందనగా 90వ నిమిషంలో నాంట్‌కు పెనాల్టీ దొరికింది. కొట్టింది ఆ సిబియెర్స్కీయే. 2-1. కాలే ఓడిపోయింది.

కప్పు తీసుకోవడానికి నాంట్ నాయకుడు, గోల్‌కీపర్ లాంద్రో మెట్లెక్కాడు. ఒంటరిగా ఎక్కలేదు. కాలే నాయకుడు రెజినాల్డ్ బెక్‌ను వెంట తీసుకుపోయి, ఇద్దరూ చెరొక చెయ్యి వేసి కప్పు ఎత్తారు. అది లాంద్రోకు ఎవరూ చెప్పిన పని కాదు, నియమాలలో రాసిన పని అంతకన్నా కాదు. సొల్దా తాత ఈ ముక్క చెప్పినప్పుడల్లా రెండు చేతులూ పైకెత్తి చూపించేవాడు.

2005-06 పోటీలో కాలే మళ్లీ క్వార్టర్ ఫైనల్ దాకా వచ్చింది. చీటీ తీస్తే వచ్చిన పేరు చూడండి: నాంట్. ఈసారి 1-0తో నాంట్ గెలిచింది. ఆరేళ్ల కిందటి బాకీ తీరలేదు. సెమీ ఫైనల్లో నాంట్‌ను పారిస్ సెయింట్ జెర్మేన్ ఓడించింది. పారిస్ ఫైనల్‌కు చేరింది. మరో పక్క నుంచి వచ్చింది మార్సెయ్.

పారిస్ అంటే రాజధాని. మార్సెయ్ అంటే దక్షిణాన సముద్రపు రేవు, వలస వచ్చినవాళ్ల ఊరు. ఈ రెండు జట్లకూ పడదు. ఎంత పడదంటే ఆటకు ముందే పోలీసులు బందోబస్తు లెక్కలు వేసుకుంటారు. అలాంటి రెండూ ఫ్రాన్సు కప్పు ఫైనల్లో తలపడటం అదే మొదటిసారి. ఆ ఏడాది లీగ్‌లో మార్సెయ్ 5వ స్థానంలో, పారిస్ 9వ స్థానంలో ముగించాయి. లీగ్ లెక్కలో పారిస్‌ది మామూలు ఏడాది. అంటే ఆ ఒక్క సాయంత్రమే వాళ్లకు ఏడాదంతటి ఫలం.

ఆట 2006 ఏప్రిల్ 29, శనివారం. ఆరో నిమిషంలోనే పారిస్ ఆటగాడు కలూ గోలు కొట్టాడు. విరామం తరవాత, 49వ నిమిషంలో, గోలుకు పాతిక మీటర్ల దూరంలో బంతి ఒక పొట్టి ఆటగాడి కాళ్ల దగ్గరకు వచ్చింది. అంత దూరం నుంచి మామూలుగా ఎవరూ కొట్టరు, పక్కవాడికి అందిస్తారు. ఇతడు కొట్టాడు. బంతి వలలో పడింది. 67వ నిమిషంలో మార్సెయ్ తరపున మవులీదా ఒక గోలు తిరిగి ఇచ్చాడు. 2-1తో ఆట ముగిసింది. కూడికలు తీసివేతలు చేస్తే కప్పు తెచ్చిన గోలు ఆ పొట్టి ఆటగాడిదే. పారిస్ జట్టుకు అది ఏడో ఫ్రాన్సు కప్పు.

మర్నాడు ఆదివారం. నేను పాలు తేవడానికి పోతుంటే సొల్దా తాత గోడ మీంచి పిలిచాడు. తెల్లవారకముందే కొడుకు ఫోను చేశాడట.

"తంబీ, మీవాడొకడు పారిస్‌ను గెలిపించాడు, తెలుసా?"

"మావాడెవరు అయ్యా?"

"మీ తెలుగువాడే. మోరీస్ వాడు. దొరసూ."

మోరీస్ అంటే ఫ్రెంచిలో మారిషస్. వికాష్ దొరసూ అనే ఆ ఆటగాడు 1973లో ఫ్రాన్సు ఉత్తర తీరాన ఆర్‌ఫ్లర్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు మారిషస్ నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల పూర్వులు తెలుగునాటి నుంచి మారిషస్ పోయినవాళ్లు. ఆ పేరు వినగానే నాకు దొరస్వామి అన్న మాట తోచింది. అది నా చెవికి వినబడిన పోలిక మాత్రమే, రుజువు కాదు. మీరు పరీక్షలో రాయకండి.

మారిషస్‌కు తెలుగువాళ్లు ఎలా పోయారో మీకు తెలియాలి. బ్రిటిష్ వలసలలో బానిసత్వం రద్దయిన తరవాత చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చారు. 1834 నుంచి మన దేశపు కూలీలను ఒప్పందాల మీద ఓడలెక్కించారు. తెలుగు కూలీలు ఎక్కిన రేవులలో పేరు పొందింది కోరంగి. అది మా యానాం పక్కనే. అందుకే మారిషస్‌లో తెలుగువాళ్లకు కోరంగి పేరే పెట్టారు. ఈనాటికీ అక్కడ ఉగాది సెలవుదినం, బళ్లలో తెలుగు చెబుతున్నారు. కూలీలు దిగిన పోర్ట్ లూయీ రేవులోని మెట్లను, ఆ కట్టడాలను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. అది కూడా 2006లోనే. పాండిచ్చేరి పేరు అధికారికంగా పుదుచ్చేరి అయిందీ ఆ ఏడాదే.

ఆ ఆదివారం నేను పొంగిపోయాను. మా కోరంగి ఓడ ఎక్కినవాళ్ల మునిమనవడు పారిస్‌లో కప్పు గెలిపించాడని ఆఫీసులో నలుగురికీ చెప్పాలనుకున్నాను. అతడి పూర్వులు కోరంగిలోనే ఎక్కారో, మద్రాసులో ఎక్కారో నాకేం తెలుసు? పొంగు అలాంటి ప్రశ్నలు అడగనివ్వదు. సొల్దా తాత మాత్రం నవ్వాడు.

"తంబీ, అతడు అక్కడ పుట్టాడు. ఫ్రెంచి మాట్లాడతాడు. ఫ్రాన్సు జట్టుకు ఆడతాడు. ఇవాళ గోలు కొట్టాడు గనక మీవాడు అంటున్నావు. నేను అల్జీరియాలో తుపాకీ మోశాను, వాళ్ల పౌరుణ్ణి, ఇంట్లో ఇడ్లీ తింటాను. నన్ను 'మావాడు' అని ఎవరన్నారో చెప్పు."

నా దగ్గర జవాబు లేదు. ఆయన కోపంగా అనలేదు, అందువల్ల ఇంకా గుచ్చుకుంది. ఆలోచిస్తే ఆయన మాటలో ఒక సత్యం ఉంది. గెలిచినవాడికి చుట్టాలు ఎక్కువ. ఆర్‌ఫ్లర్‌లో ఆ కుర్రవాడు బంతి తన్నడం నేర్చుకునేటప్పుడు మన తెలుగునాట ఎవరికీ అతడి పేరు తెలియదు. అతడికి ఆట నేర్పింది ఆ తీరంలోని మైదానాలు, పక్కనున్న లె ఆవ్ర్ క్లబ్బు. 1872లో పుట్టిన క్లబ్బు అది, ఫ్రాన్సులో అన్నిటికంటె పాతది. అక్కడి నుంచి లియోఁకు పోయాడు. ఆ జట్టుతో 2003లోనూ 2004లోనూ లీగ్ గెలిచాడు. ఒక ఏడాది ఇటలీలోని మిలాన్ జట్టులో ఉన్నాడు, ఎక్కువ కాలం బెంచీ మీదే. 2005లో పారిస్ వచ్చాడు. అప్పటికి 31 ఏళ్లు. ఫుట్‌బాల్‌లో అది చిన్న వయసు కాదు. అతడి ఎత్తు అయిదున్నర అడుగులు. పరుగులో మెరుపు లేదు. బంతిని పక్కవాడికి సరిగ్గా, సరైన వేళకు అందించడం అతడి విద్య. అలాంటి ఆటగాళ్ల పేరు పత్రికలలో పెద్దగా రాదు. వాళ్లు బాగా ఆడినప్పుడు మిగతా పదిమందీ బాగా ఆడినట్టు కనిపిస్తారు, అంతే.

ఆ గోలును నేను తరవాత చాలాసార్లు చూశాను. అంత దూరం నుంచి కొట్టడం అతడి అలవాటు కాదు. అందించే మనిషి ఆ రోజు ఎందుకు కొట్టాడో నాకు ఇప్పటికీ విడ్డూరమే.

ఆ వేసవిలో జర్మనీలో ప్రపంచ కప్పు. ఫ్రాన్సు జట్టులో అతడికి చోటు దొరికింది. భారతీయ మూలాలున్న ఆటగాడు ప్రపంచ కప్పులో ఆడటం అదే మొదటిసారి. ఆడటమంటే రెండు ఆటలలో, వేరొకరి బదులు, కొద్ది నిమిషాలు. మిగతా రోజులు హోటలు గదిలో, బస్సులో, బెంచీ మీద. ఫ్రాన్సు ఫైనల్ దాకా పోయింది. ఇతడు ఒక చిన్న కెమెరా వెంట తీసుకుపోయి తన ఖాళీ రోజులను చిత్రించాడు. ఒక మిత్రుడితో కలిసి దానిని సినిమా చేశాడు. దాని పేరు 'సబ్‌స్టిట్యూట్'. అంటే బదులు ఆటగాడు. ప్రపంచ కప్పు గురించి వచ్చిన సినిమాలలో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నవాడి వైపు నుంచి తీసినది బహుశా ఇదొక్కటే.

2006 అక్టోబరులో, కప్పు గెలిచి ఆరు నెలలు నిండకముందే, పారిస్ క్లబ్బు అతడిని తొలగించింది. శిక్షకుడికీ అతడికీ పడలేదు, తన మాట అతడు పత్రికలలో చెప్పాడు. ఫ్రాన్సులో వృత్తి ఆటగాళ్ల నియమావళి 1973లో వచ్చింది. అది వచ్చాక మొదటి డివిజన్ క్లబ్బు ఒక ఆటగాడిని అలా తీసివేయడం అదే మొదటిసారి. తప్పు ఎవరిదో తేల్చడం నా పని కాదు. ఇద్దరి వాదనలూ పత్రికలలో వచ్చాయి. ఆ తరవాత ఇటలీలో ఒక జట్టుతో ఒప్పందం చేసుకున్నాడు గాని అక్కడ ఆడనే లేదు. 2008లో ఆట మానేశాడు. చాలా ఏళ్ల తరవాత, 2020లో, పారిస్ నగర ఎన్నికలలో నిలబడ్డాడు.

తొలగింపు వార్త నేనే సొల్దా తాతకు చెప్పాను. ఆయనకు అప్పటికి చూపు మందగించింది. కాసేపు ఏమీ అనలేదు. తరవాత అడిగాడు: "ఇప్పుడూ మీవాడేనా?"

"మావాడే అయ్యా," అన్నాను.

ఈసారి ఆయన నవ్వలేదు. లోపలికి వెళ్లి రెండు గ్లాసులలో కాఫీ పట్టుకొచ్చాడు.

కాలే క్లబ్బు సంగతి కూడా చెప్పాలి. 2000లో తెచ్చిన పేరుతో ఆ ఊళ్లో 2008లో కొత్త స్టేడియం కట్టారు. ఫ్రెంచిలో దాని పేరుకు వీరగాథ అని అర్థం. పేరుతో స్టేడియం నిలిచింది గాని డబ్బు నిలవలేదు. అప్పులు పెరిగాయి. 2017లో కోర్టు ఉత్తర్వుతో క్లబ్బు మూతపడింది. ఒక నాకౌట్ పోటీలో వచ్చే కీర్తి నెలనెలా జీతాలు చెల్లించదు. దానికి లీగ్ కావాలి, వారం వారం టిక్కెట్టు కొనేవాళ్లు కావాలి. ఆ ఊళ్లో అప్పట్లో 77 వేల మంది ఉండేవాళ్లు, ఫైనల్ రోజున అందరూ ఉన్నారు.

ఫ్రాన్సు కప్పులో గత ఏడాది విజేతకు ప్రత్యేక మర్యాద ఏమీ లేదు. 2006-07 పోటీలో పారిస్ జట్టు పేరు కూడా మిగతా 63 పేర్లతో పాటు చీటీల గిన్నెలో పడింది. ఆ ఏడాది ఫైనల్‌కు మార్సెయ్ మళ్లీ వచ్చింది. మే 12న సోషో జట్టుతో 2-2 సమానం చేసి, పెనాల్టీ తన్నులలో ఓడిపోయి, వరుసగా రెండో ఏడు కూడా ఇంటికి పోయింది.